పెంకా, రేకా, స్లాబా? ధర్మపురి ప్రాంతంలో ఇంటి పైకప్పు ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి ఇవే

గోడ బీటలు వారితే సిమెంట్ పూసి సరిపెట్టుకోవచ్చు. పైకప్పు దగ్గర తేడా వస్తే మాత్రం ఎండాకాలం నిద్ర ఉండదు, వానాకాలం ఇంట్లో ఎక్కడికక్కడ గిన్నెలు పెట్టుకోవాల్సిందే. జగిత్యాల జిల్లాలోని ధర్మపురి, కోరుట్ల, పక్కనే ఉన్న సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ సమస్య ఇంకాస్త ఎక్కువ. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. జూలై, ఆగస్టులో వాన రోజుల తరబడి పడుతుంది. వీటికి తోడు కోతులు! మరి ఇలాంటి చోట ఏ కప్పు బెటర్? దేనికి ఎంత బరువు, ఎంత ఆయుష్షు, ఎక్కడ జాగ్రత్త పడాలి? వివరాలు చూద్దాం.

రేటు కంటే ముందు మూడు ప్రశ్నలు

చాలామంది షాపుకు వెళ్లి మొదట అడిగేది రేకు ధర ఎంత అనే. అసలు లెక్క అక్కడ మొదలవకూడదు. ముందుగా మీ ఇంటి గురించి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వేలాది మంది మహిళలు ఇంట్లోనే కూర్చుని బీడీలు చుడతారు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లలో పొద్దంతా పని నడుస్తుంది. ఇంటి మగవాళ్లు దుబాయ్, మస్కట్ లాంటి చోట్ల ఉంటే ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, పిల్లలే. రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చే ఇంటికి, మిట్టమధ్యాహ్నం కూర్చుని పని చేసుకునే ఇంటికి ఒకే కప్పు సరిపోదు. కప్పు కింద ఉడికిపోతే ఆ రోజు చుట్టే బీడీలు తగ్గుతాయి, కూలీ కూడా తగ్గుతుంది.

రెండోది, గోడ ఎంత బరువు మోస్తుంది? పాత ఇళ్లకు చాలావరకు మట్టి గోడలే ఉంటాయి. వాటి మీద ఏది పడితే అది వేయడం కుదరదు.

మూడోది, ఏటా మరమ్మతు చేయించే ఓపిక, మనిషి ఉన్నారా? కొన్ని కప్పులు వేసేటప్పుడు చవక, తర్వాత ఏటా ఖర్చు. మరికొన్ని మొదట్లోనే ఖరీదు, తర్వాత ఏళ్ల తరబడి నిశ్చింత.

400 చదరపు అడుగులకు బరువు లెక్క ఇదీ

ఒక చిన్న ఇంటికి 400 చదరపు అడుగుల కప్పు వేస్తున్నారనుకుందాం. కింది అంకెలు సుమారుగా వేసిన లెక్క. వాసాలు, పైపుల బరువు ఇందులో కలపలేదు.

- ఇనుప రేకులు: దాదాపు 200 కిలోలు
- సిమెంట్ రేకులు: దాదాపు 600 కిలోలు
- బెంగళూరు పెంకులు: ఒకటిన్నర నుంచి రెండు టన్నులు
- 5 అంగుళాల స్లాబు: దాదాపు 12 టన్నులు

అంటే ఇనుప రేకుతో పోలిస్తే స్లాబు బరువు 60 రెట్లు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తుంటారు. పాత పెంకుటింటి మట్టి గోడలను అలాగే ఉంచి, పైన స్లాబు పోయించాలని చూస్తారు. ఇది ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. ముసురు పట్టినప్పుడు నాని కూలేవి ముందుగా మట్టి గోడలే. స్లాబు కావాలంటే పునాది, పిల్లర్లు, బీములు కొత్తగా రావాల్సిందే.

పెంకుటిల్లు: చల్లదనంలో బెస్ట్, కోతులతోనే టెన్షన్

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు ఎటు చూసినా గూన పెంకుల ఇళ్లే. ఊరి కుమ్మరులు చేసిన గూనలు, టేకు దూలాలు, వాసాలు, కింద మట్టి గోడ. తర్వాత బెంగళూరు పెంకులు వచ్చాయి. మన దగ్గర బెంగళూరు పెంకులని పిలిచే ఈ రకం అసలు పుట్టింది మంగళూరులో. 1865లో బాసెల్ మిషన్ అక్కడ తొలి పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది.

పెంకు ఇల్లు చల్లగా ఉండటానికి కారణం ఒక్క మట్టే కాదు. పెంకుకు, పెంకుకు మధ్య సన్నని సందు ఉంటుంది. వేడి గాలి పైకి లేచి ఆ సందుల్లోంచి బయటకు పోతుంది. సూర్యుడు దిగగానే పెంకు కూడా త్వరగా చల్లారుతుంది. ఒక పెంకు పగిలితే ఆ ఒక్కటి మారిస్తే చాలు.

కానీ సమస్య కోతులతోనే. గుంపులు గుంపులుగా వచ్చి కప్పు మీద దూకుతాయి, పెంకులు లేపి చూస్తాయి, పక్కకు తోసేస్తాయి. వానాకాలానికి ముందు సర్దించిన కప్పు వారం తిరక్కుండానే చెదిరిపోతుంది. కలప ఖరీదు పెరగడం, పెంకు కప్పే పనివాళ్లు దొరక్కపోవడంతో పాటు పెంకుటిళ్లు తగ్గిపోవడానికి కోతులు కూడా ఒక కారణం. రాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబర్‌లో గోదావరి అవతలి నిర్మల్ దగ్గర, చించోలిలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని ప్రారంభించింది. సమస్య ఏ స్థాయిలో ఉందో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

పెంకు మీద ఇష్టం ఉన్నవాళ్లకు దారులు లేకపోలేదు. కొందరు కప్పు మీద ఇనుప జాలీ బిగిస్తున్నారు. మరికొందరు వాలుగా స్లాబు పోయించి దాని మీద సిమెంట్‌తో పెంకులు అతికిస్తున్నారు. అతికించిన పెంకును కోతి లేపలేదు. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడిన ఇంకో పద్ధతి ఉంది. అదే ఫిల్లర్ స్లాబు. స్లాబులో కడ్డీల మధ్య, అడుగు భాగంలో పెంకులు పెట్టి పైన కాంక్రీట్ పోస్తారు. కాంక్రీట్ కొంత మిగులుతుంది, పెంకుల మధ్య గాలి ఉండటంతో వేడి కూడా కాస్త తగ్గుతుంది. అయితే కడ్డీల లెక్క ఇంజినీర్ వేయాల్సిందే. మేస్త్రీ అంచనాతో చేసే పని కాదిది.

బెంగళూరు పెంకుకు వాలు కూడా ముఖ్యం. అడ్డంగా రెండడుగులు పోతే నిలువుగా అడుగైనా దిగాలి. అంతకంటే తగ్గితే ఎదురుగాలి వానకు నీళ్లు పెంకుల సందుల్లోంచి వెనక్కి తంతాయి.

సిమెంట్ రేకులు: చవకే కానీ ఈ జాగ్రత్తలు తప్పనిసరి

పెంకులు తీసేసినవాళ్లు ఎక్కువగా వెళ్లేది సిమెంట్ రేకుల వైపే. తుప్పు పట్టవు, వాన చప్పుడు ఇనుప రేకంత ఉండదు, పాత దూలాల మీదే వేసుకోవచ్చు. కానీ మధ్యాహ్నానికి రేకు కాగి ఆ సెగ నేరుగా నెత్తి మీదకు దిగుతుంది.

అసలు విషయం ఇంకోటి ఉంది. మార్కెట్లో దొరికే సిమెంట్ రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చి చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి దీన్ని పూర్తిగా నిషేధించింది. మన దేశంలో ఈ రేకుల అమ్మకం, వాడకంపై నిషేధం లేదు.

అలాగని ఇప్పటికే ఇంటి మీద ఉన్న రేకును చూసి భయపడాల్సిన పని లేదు. నార సిమెంట్‌లో గట్టిగా పట్టుకుని ఉంటుంది. రేకు బాగున్నంత వరకు ముప్పు తక్కువ. కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు, గీకినప్పుడే కంటికి కనబడని దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దాని ప్రభావం బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

- రేకును కటింగ్ మెషిన్‌తో కోయించొద్దు. తప్పదంటే బాగా తడిపి చేతి రంపంతో, ఇంటికి దూరంగా కోయాలి
- పాకుడు పట్టిందని పొడిగా ఉన్నప్పుడు గీకొద్దు, చీపురుతో ఊడ్చొద్దు
- పగిలిన ముక్కలను దంచి వాకిట్లో, బాటలో పోయొద్దు
- ఈ కప్పు మీద నుంచి పట్టిన వాన నీళ్లు తాగడానికి వాడొద్దు

ఇంకో ముఖ్యమైన మాట. సిమెంట్ రేకు మనిషి బరువు ఆపదు. కోతులను తరమడానికో, డిష్ సరిచేయడానికో పైకెక్కి, రేకు విరిగి కింద పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఎక్కాల్సి వస్తే వాసాలకు అడ్డంగా గట్టి చెక్క పలక వేసి, దాని మీదే నడవాలి. ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంట్ రేకులు కూడా మార్కెట్లో ఉన్నాయి. కొనేటప్పుడు అడిగి, రేకు మీద ముద్ర, బిల్లు మీద రకం చూసుకుని తీసుకోవడం మంచిది.

ఇనుప రేకులు, కలర్ రేకులు: గాలిదుమారంతోనే భయం

తేలిక, త్వరగా అయిపోతుంది, కోతులు దూకినా పగలదు. అందుకే ఈమధ్య కలర్ రేకుల వాడకం బాగా పెరిగింది. పెంకు ఆకారంలో వచ్చే రేకులు కూడా దొరుకుతున్నాయి. మందం విషయంలో మాత్రం మోసపోవద్దు. 0.35 మిల్లీమీటర్ల రేకు, 0.5 మిల్లీమీటర్ల రేకు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పలచటి రేకు కోతుల గెంతులకు సొట్టలు పడి, ఆ సొట్టల్లో నీళ్లు నిలిచి, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. ఇంటికైతే 0.5 మిల్లీమీటర్లు తీసుకోవడమే మేలు.

ఇక ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారం సంగతి. అకాల వర్షాల వార్త వచ్చిన ప్రతిసారీ ఎగిరిపోయిన రేకుల ఫొటోలు కనబడుతూనే ఉంటాయి. గాలి రేకును పై నుంచి నొక్కడం కంటే కింద నుంచి పైకి లేపడమే ఎక్కువ చేస్తుంది. అంచుల దగ్గర, మూలల దగ్గర ఈ లాగుడు మరీ ఎక్కువ. కాబట్టి మధ్యలో కంటే అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. రేకు పైపులకు, పైపులు గోడలోని కాంక్రీట్ బీముకు గట్టిగా బిగించి ఉండాలి. రేకుల మీద రాళ్లు, పాత టైర్లు పెట్టడం రక్షణ కాదు. దుమారానికి ముందు కింద పడేవి అవే.

వేడి విషయంలో మూడు పనులు చేస్తే తేడా తెలుస్తుంది. ఒకటి, కప్పు ఎత్తు పెంచడం. తక్కువ ఎత్తున్న చివర కూడా 9, 10 అడుగులు ఉండేలా చూసుకోవాలి. రెండు, వేడి గాలి పోవడానికి పైభాగంలో ఎదురెదురుగా వెంటిలేటర్లు పెట్టడం. మూడు, ముదురు రంగు కాకుండా తెలుపు లేదా లేత రంగు రేకు తీసుకోవడం. లోపల థర్మాకోల్ సీలింగ్ వేయించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అది త్వరగా అంటుకుంటుంది. వంటింటి మీద, కరెంటు వైర్ల దగ్గర అస్సలు వద్దు. ఖర్చు పెట్టగలిగితే మధ్యలో ఫోమ్ ఉన్న పఫ్ ప్యానెళ్లు వేడిని బాగా ఆపుతాయి.

స్లాబు: ఒకసారి ఖర్చు, కానీ పోసిన రోజు కంటే తర్వాతి రోజులే ముఖ్యం

గల్ఫ్ నుంచి పైసలు పంపేవాళ్లు అయినా, ఊళ్లోనే కూడబెట్టుకున్నవాళ్లు అయినా చివరికి కోరుకునేది స్లాబే. కోతుల భయం లేదు, గాలికి ఎగరదు, రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. 2022 జూలై వరదల్లో గోదావరి ఉప్పొంగి ధర్మపురి లోతట్టు ప్రాంతాల్లోకి నీళ్లు వచ్చాయి. నదికి దగ్గరగా ఉండేవాళ్లకు సామాను, మనుషులు పైకెక్కడానికి గట్టి కప్పు ఉండటం పెద్ద ధైర్యం.

2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ప్రభుత్వం ఇచ్చే రూ.5 లక్షల సాయం కూడా ఆర్సీసీ స్లాబు ఇంటికే. కనీసం 400 చదరపు అడుగులు, వంటగది, మరుగుదొడ్డి ఉండాలన్నది నిబంధన. ఈ పథకంలో పేరు వచ్చినవాళ్లు రేకులు, పెంకుల ఆలోచన పక్కన పెట్టేయొచ్చు.

400 చదరపు అడుగులకు 5 అంగుళాల స్లాబు అంటే దాదాపు 4.7 ఘనపు మీటర్ల కాంక్రీట్. సిమెంట్ 38 నుంచి 40 బస్తాలు, స్టీలు 350 నుంచి 400 కిలోలు పడుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. గది వెడల్పును బట్టి మారుతుంది. స్లాబు ఖర్చు వేసుకునేటప్పుడు సెంట్రింగ్ కిరాయి, కూలీలు, పైన వాటర్‌ప్రూఫింగ్ కూడా కలుపుకోవాలి.

స్లాబు కారడానికి ఎక్కువగా కారణం సిమెంట్ కంపెనీ కాదు, పని. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 456 నియమావళి ప్రకారం చూసుకోవాల్సినవి ఇవి.

- కాంక్రీట్ కనీసం ఎం20 గ్రేడ్ ఉండాలి
- కడ్డీ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీట్ ఉండాలి. అందుకే కవర్ బిళ్లలు పెట్టాలి, రాళ్ల ముక్కలు కాదు
- మామూలు ఓపీసీ సిమెంట్ అయితే కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి కలిపిన సిమెంట్ అయితే కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఎండలు ముదిరినప్పుడు 14 రోజులు ఉంచడం మేలు
- గది వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపు అయితే 7 రోజుల వరకు, అంతకు మించితే 14 రోజుల వరకు కింద పోట్లు తీయకూడదు

మేలో స్లాబు పోసి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో నీళ్లు చల్లితే సరిపోదు. మధ్యాహ్నానికే ఆరిపోయి జుట్టులాంటి పగుళ్లు వస్తాయి. చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నిలపాలి. ఇంటాయన విదేశంలో ఉంటే ఈ పని ఎవరు చూస్తారో పోసే ముందే తేల్చుకోవాలి. మేస్త్రీతో నీళ్ల బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించుకోవడం ఇంకా మంచిది. నీళ్లు నిలవకుండా పైన 10 అడుగులకు అంగుళం చొప్పున వాలు కూడా పెట్టించాలి.

స్లాబు వేసినా వేడి తగ్గలేదా? తెలుపే మందు

స్లాబు వేసుకున్నాక చాలామంది చెప్పే మాట ఒకటుంది. పగలు పర్వాలేదు కానీ రాత్రి పడుకోలేకపోతున్నాం అని. కారణం సింపుల్. కాంక్రీట్ పొద్దంతా వేడిని పీల్చుకుని దాచుకుంటుంది. రాత్రి తొమ్మిది, పది దాటాక కూడా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే అదే వేడి గాలి కిందకు వస్తుంది.

దీనికి అన్నింటికంటే చవకైన ఉపాయం కప్పుకు తెల్ల పూత. ఎండను తిప్పికొట్టే పూత వేస్తే కప్పు అసలు అంతగా కాగదు. హైదరాబాద్ ఐఐఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ పరిశోధకులు హైదరాబాద్‌లో భవనాల మీద దీన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మామూలు కాంక్రీట్ కప్పుకు తెల్ల పూత వేస్తే ఏసీకి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. ఏసీ లేని ఇంట్లో ఆ లాభం కరెంటు బిల్లులో కనబడదు, గదిలో చల్లదనంగా తెలుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇలా మార్చాలన్నది లక్ష్యం. ఇందులో 200 హైదరాబాద్‌లో, 100 మిగతా రాష్ట్రంలో. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేశారు. చిన్న ఇళ్లకు ఇష్టం ఉంటేనే. కానీ ఎక్కువ అవసరం చిన్న ఇళ్లకే.

కూల్ రూఫ్ పెయింట్ కొనలేనివాళ్లు సున్నంలో జిగురు కలిపి రెండు, మూడు పూతలు వేసుకోవచ్చు. వానలకు కరిగిపోతుంది కాబట్టి ఏటా మార్చిలో మళ్లీ వేయాలి. ఎక్కువ కాలం నిలవాలంటే తెల్ల టైల్స్ లేదా పగిలిన తెల్ల టైల్ ముక్కలు పరిపించుకోవచ్చు. ఇనుప రేకుకు కూడా ఇదే పూత బాగా పనిచేస్తుంది. దుమ్ము పడితే ఫలితం తగ్గుతుంది, ఎండాకాలంలో అప్పుడప్పుడు కడగాలి.

సోలార్ ఆలోచన ఉన్నవాళ్లు స్లాబు వేసేటప్పుడే చోటు వదులుకోవాలి. ఒక కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగులు, నీడ పడని చోటు కావాలి. పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం రూ.78 వేల సబ్సిడీ ఉంది. ప్యానెళ్ల నీడ పడినంత మేర కప్పు కూడా తక్కువ కాగుతుంది.

ఎవరికి ఏది?

- మట్టి గోడల పాత ఇల్లు, ఇప్పుడే కొత్తగా కట్టే స్తోమత లేదు: 0.5 మిల్లీమీటర్ల లేత రంగు ఇనుప రేకు, పైన తెల్ల పూత, వెంటిలేటర్లు
- ఇప్పటికే సిమెంట్ రేకులు ఉన్నాయి, పగుళ్లు లేవు: కదిలించకుండా, గీకకుండా మెత్తగా నీళ్లతో తడిపి పైన తెల్ల పూత. పగిలినవి ఉంటే కోయకుండా మొత్తం రేకుగానే దింపించాలి
- బీడీల పని, మగ్గం ఇంట్లోనే ఉన్నవాళ్లు: పని చేసే గదికి ముందు స్లాబు లేదా పఫ్ ప్యానెల్. డబ్బు తక్కువైతే రేకు వసారాకో, సామాను గదికో పరిమితం చేయాలి
- పెంకుటిల్లు బాగుంది, మరమ్మతు చేసే మనిషి దొరుకుతున్నాడు: తీసేయడానికి తొందర వద్దు. జాలీ ఖర్చు ఎంతో కనుక్కుని, కొత్త కప్పు ఖర్చుతో పోల్చుకోవాలి
- కొత్త ఇల్లు, పిల్లర్లతో కడుతున్నారు: స్లాబు, దాని మీద తెల్ల పూత లేదా తెల్ల టైల్స్

పని ఎప్పుడు పెట్టుకోవాలి?

స్లాబుకు నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఎండ తక్కువ, నీళ్లు నిలుస్తాయి, వాన భయం ఉండదు. రేకుల స్క్రూలు, రబ్బరు వాషర్లు మార్చిలోనే ఒకసారి చూసుకోవాలి. గాలిదుమారాలు వచ్చేది ఆ తర్వాతే. తెల్ల పూత కూడా అప్పుడే. పెంకులు సర్దించడం, నీళ్లు పోయే తూములు, పైపులు శుభ్రం చేయించడం మే నెలాఖరులోపు అయిపోవాలి. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. ఆ తర్వాత కప్పు ఎక్కే పనివాడు దొరకడం కష్టం. దొరికినా తడి కప్పు మీద పని ఆయనకూ ప్రమాదమే.